టేపులు మింగిన స్టీరియో

ఈ సంగతి మావారు ఎవరికి చెప్పినా, నేను అరిచిన అరుపుకి కారు స్టీరియో భయపడి దానంతటదే బాగైపోయిందని చెబుతారు. విన్నవాళ్లు నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. అరిచిన మాట నిజమే, కాదనను. కానీ అరుపులతో బాగయ్యేట్టయితే దుకాణంలో సోల్డరింగ్ ఐరన్ దేనికి? ఆ సెట్టు బాగైంది నేను నోరు మూసుకుని కూర్చున్నాకే.

అప్పట్లో మాదాపూర్‌లో అద్దాల భవనాలు ఒక్కొక్కటే లేస్తున్నాయి. రోడ్డు సగం తారు, సగం మట్టి. ఆ మట్టి పక్కనే మా కారు స్టీరియోల దుకాణం. వైర్లు లాగడం, స్పీకర్లు బిగించడం మావారి పని. సెట్టు విప్పి లోపలి జబ్బు కనిపెట్టడం నాది. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివింది నేనే కదా! అయినా వచ్చిన ప్రతివాడూ నన్ను చూసి "సార్ లేరాండీ?" అనేవాడు. "ఉన్నారు, టీ తాగుతున్నారు. మీ సెట్టుకి టీ కావాలా, రిపేరు కావాలా?" అనేదాన్ని.

ఒక ఉదయం కొత్త తెల్ల కారు వచ్చి ఆగింది. దిగినాయన ఆ అద్దాల భవనాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మనిషి, మాటలో గుంటూరు యాస. వెనక సీట్లో ఆయన తల్లి. డ్రైవరుది ఇక్కడే పక్కనున్న బోరబండ. కారు దిగి, చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు.

"కారు కొని నెలైనా కాలేదండీ," అన్నాడాయన. "పెట్టిన క్యాసెట్టునల్లా నమిలేస్తోంది. అమ్మ భక్తిపాటలన్నీ పోయాయి. నేను ఆఫీసులో ఉంటే ఇతను పార్కింగులో కూర్చుని పాటలు పెట్టుకుంటాడు. ఏదో పాత క్యాసెట్టు కుక్కి పాడుచేశాడు. మీరు ఆ మాట చెప్పేస్తే సాయంత్రానికి వేరే డ్రైవర్ని చూసుకుంటాను."

అంటే, నేను తీర్పు చెప్పాల్సింది సెట్టు గురించి కాదు, ఒక మనిషి ఉద్యోగం గురించి.

"నేనేం జెయ్యలేదక్కా," అన్నాడు డ్రైవరు. "పాటలు విన్న, అబద్ధమెందుకు. గని సెట్టు మీద గట్టిగ చెయ్యి గూడ వెయ్యలే. జర మంచిగ చూడుండ్రి."

సెట్టు ఊడదీసి బల్ల మీద పెట్టి, బ్యాటరీకి తగిలించి మా క్యాసెట్టొకటి వేశాను. చక్కగా పాడింది. రెండోవైపు తిప్పాను. అదీ పాడింది.

"చూశారా! మంచి క్యాసెట్టు పెడితే బ్రహ్మాండంగా ఉంది. తప్పు ఇతనిదే," అన్నాడాయన.

అరిచింది ఇక్కడే. "డాక్టరు ముందు దగ్గు రాకపోతే రోగం లేనట్టేనా? మీ ప్రోగ్రాములో తప్పొస్తే మీ ఆఫీసు వాచ్‌మన్‌ని పీకేస్తారా?" అన్నాను. మావారు టీ గ్లాసుతో సహా పరిగెత్తుకొచ్చారు. నా మొహం చూసి మళ్లీ టీకొట్టుకే వెళ్లిపోయారు. ఆయన చూసింది అంతవరకే. మిగతాదంతా సొంత కవిత్వం.

అరిచానే గానీ, చేతిలో రుజువు లేదు. ఏమీ మాట్లాడకుండా సెట్టు వైపే చూస్తూ కూర్చున్నాను. బల్ల మీద అది బల్లపరుపుగా పడుకుని ఉంది. కారులో అలా ఉండదు కదా! డాష్‌బోర్డులో మూతి పైకెత్తి, వెనక్కి వాలి ఉంటుంది. ముందు భాగం కింద ఒక స్క్రూల డబ్బా తోసి, అదే వాలులో నిలబెట్టి క్యాసెట్టు వేశాను. పల్లవి బాగానే వచ్చింది. చరణంలో గొంతు సాగింది. కర్రుమంటూ టేపు లోపల చుట్టుకుపోయింది.

"అయ్యయ్యో, మీదీ మింగేసిందమ్మా," అంది పెద్దావిడ. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

పైమూత విప్పాను. టేపుని చుట్టే చక్రం పళ్ల దగ్గర పచ్చగా ఏదో కనిపించింది. పట్టకారుతో లాగితే బియ్యపు గింజ! పసుపు ఇంకా వదల్లేదు. సెట్టు వాలినప్పుడల్లా జారి పళ్లకి అడ్డం పడుతోంది, చదునుగా పెడితే తప్పుకుంటోంది. వెతికితే ఇంకో రెండు దొరికాయి.

"కారు పూజలో అక్షింతలు ఎవరు వేశారండీ?"

ఆయన తల్లి వైపు చూశాడు. "నేనేనమ్మా," అందావిడ. "చక్రాలకీ, సీట్లకీ వేశాను. పాటలొచ్చే ఆ సందులో కూడా కాసిని వేశాను, శుభమని." అని డ్రైవరు వైపు తిరిగి, "నా మూలాన మాట పడ్డావు నాయనా," అంది.

"ఫికర్ జెయ్యకుండ్రి పెద్దమ్మా," అన్నాడతను, కట్టుకున్న చేతులు విప్పి. "ఆశీర్వాదమే గదా. సెట్టుకే జర ఎక్కువైంది."

ముందు నవ్వింది ఆవిడే. తర్వాత నేను. ఆయన మాత్రం గడియారం చూసుకుని "పద పద, ఆఫీసుకి టైమైంది," అన్నాడు. సెట్టు బిగించి పంపించాను. ఆ మధ్యాహ్నం నాకు బాగా ఆకలి వేసి, అన్నం మారు వడ్డించుకున్నాను. ఆ తర్వాత కూడా ఆ తెల్ల కారు మా దుకాణం ముందునుంచి వెళ్తూ ఉండేది. స్టీరింగు దగ్గర అతనే. చెయ్యి ఎత్తేవాడు.

నాకు తెలియంది ఒక్కటే. తల్లి అందరి ముందూ ఒప్పుకున్న మాటలో సగమైనా, కారు మా మలుపు తిరిగాకైనా, ఆ కొడుకు డ్రైవరుతో అన్నాడా?