నేను ఆపిన నలభై మూడు పెళ్ళిళ్ళు

పెళ్ళి ఆపడమంటే మాటలు కాదు. తాళి కట్టే సమయానికి ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడి ‘ఆపండి’ అని అరవాలి. దానికి గొంతుండాలి, గుండె ఉండాలి, వెనక కనీసం నలుగురు మనుషులుండాలి. నేను ఇవేవీ లేకుండా, తిరుత్తణిలో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎడమచేత్తో ఇడ్లీ పళ్ళెం పట్టుకుని, కుడిచేతి చూపుడువేలితో నలభై మూడు పెళ్ళిళ్ళు ఆపాను. అదీ పొద్దున పదకొండు లోపల. ఎట్లా ఆపానో చెబుతాను. మీ ఇంట్లో పెళ్ళేదైనా కుదిరి ఉంటే కాస్త మనసు గట్టి చేసుకుని చదవండి.

అప్పటికి నేను సాఫ్ట్‌వేరులో చేరి నాలుగేళ్ళు. మాది తిరువళ్ళూరు. వీరరాఘవస్వామి గుడి వీధిలో మా నాయనకు స్టీలు సామాన్ల అంగడి. పొద్దున్నే ఎలక్ట్రిక్ రైలెక్కి చెన్నైలోని ఒక చిన్న కంపెనీకి పోవడం, సాయంత్రం అదే రైల్లో ఇంకొకరి మోచెయ్యి పక్కటెముకల్లో పెట్టుకుని తిరిగి రావడం నా వృత్తి. మధ్యలో కొంత కోడు కూడా రాసేవాణ్ణి.

ఇంతలో మా ఆఫీసులోకి ఏఐ వచ్చింది. కోడు రాయమంటే రాస్తుంది. తప్పు దిద్దమంటే దిద్దుతుంది. తిడితే క్షమాపణ చెబుతుంది. మొదటి రెండూ నేనూ చేయగలను, మూడోది మాత్రం నాకు పుట్టుకతో రాలేదు. కాబట్టి నా ఉద్యోగం పోవడం ఖాయమనుకున్నాను. మా నాయన కూడా అదే అనుకున్నాడు.

“మిషనే అంతా చేస్తే నువ్వేం చేస్తావురా దామూ? అంగడికొచ్చి కూర్చుంటావా?”

“దాన్ని నడిపించేవాడు కావాల గదా నాయనా. నేను నడిపిస్తా.”

“యాడికి నడిపిస్తావు?”

రైలుకు టైమైందని చెప్పి బయటపడ్డాను.

మా మేనేజరు విమల మేడం. పట్టాభిరామ్‌లో ఉంటారు, వాళ్ళదీ తెలుగిల్లే. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. పెంచితేనే బాగుండునని మాత్రం చాలాసార్లు అనిపించింది. ఒకరోజు ఆమె అందర్నీ కూర్చోబెట్టి, “ఈ ఏఐ టూల్స్ పెట్టుకుని టీమ్ నడిపేదానికి ఒక లీడ్ కావాల” అన్నారు. నా చెయ్యి నాకంటే ముందే లేచింది.

“తిరుత్తణి మునిరత్నం గారి కల్యాణ మండపం పని ఉండాది గదా,” అన్నారామె. “మూడు వారాల పని. నువ్వెన్ని దినాల్లో ముగిస్తావు?”

“మూడు దినాలు మేడం.”

“రాసింది చదివి, టెస్ట్ చేసి?”

“టెస్ట్ కూడా కలిపే మేడం.”

“చదివేదాన్ని గురించి ఏమీ చెప్పలేదే.”

“చదువుతా మేడం.”

పాఠకులారా, ఈ కథలో అబద్ధం అంటూ ఉంటే అదొక్కటే. మిగతాదంతా అజ్ఞానం.

మునిరత్నం గారు మా అమ్మ వైపు దూరపు చుట్టం, నాకు మామ వరస. కొండ కింద ఆయన మండపం. రాబోయే ముహూర్తాలన్నీ ఒక పొడుగాటి నోటుబుక్కులో ఉండేవి. ఏ పెళ్ళి ఎప్పుడు, పెళ్ళికూతురి వాళ్ళ నంబరేది, పెళ్ళికొడుకు వాళ్ళ నంబరేది, అన్నీ అందులోనే. ఆయన కూతురు ఆ బుక్కంతా కంప్యూటరులో ఎక్కించి ఇచ్చింది. బుకింగ్ అయినా, తేదీ మారినా, పెళ్ళి రద్దయినా రెండు వైపులవాళ్ళకూ దానంతటదే మెసేజ్ పోవాలి. ఇదే నేను చేయాల్సిన సాఫ్ట్‌వేరు.

ఏఐకి ఒక మంచి గుణం ఉంది. ఏదైనా చేసేముందు అడుగుతుంది. ‘ఈ ఫైలు మార్చమంటారా? ఈ ప్రోగ్రాము నడపమంటారా?’ పంక్తి భోజనంలో వడ్డించేవాడు ‘సాంబారు కొంచెం?’ అంటే మనం పక్కవాడితో మాట్లాడుతూ తల ఊపుతామే, అట్లా నేను ‘అవును’ నొక్కుతూ పోయాను. మొదటిరోజు చదివి నొక్కాను. రెండోరోజు చూసి నొక్కాను. మూడోరోజుకు నా వేలు నా అనుమతి కూడా అడగడం మానేసింది.

ఆ మూడోరోజు పొద్దున తిరుత్తణి రైలెక్కాను. కడంబత్తూరు దాటేలోపల మిగిలిన పని ముగించి, అరక్కోణం దాటేలోపల లీడ్ అయ్యాక ఎవరెవరితో ఎట్లా మాట్లాడాలో కూడా తీర్మానించుకున్నాను. మండపంలో మునిరత్నం మామ ఇడ్లీ, వడ తెప్పించి, ఫ్యాను నా వైపు తిప్పి కూర్చోబెట్టాడు. నేను ల్యాప్‌టాప్ తెరిచి, ఇంద్రజాలం చేసేవాడిలా ఒక్కొక్కటీ చూపించాను.

“బాగుండాదిరా. ఎవరైనా పెళ్ళి రద్దు చేసుకుంటే ఏం జరుగుతాది?” అని అడిగాడు మామ.

“ఒక్క నిమిషం మామా. టెస్ట్ చేసి చూపిస్తా.”

‘రద్దు మెసేజ్‌ను అన్ని బుకింగులకూ పరీక్షించు’ అని ఏఐకి చెప్పాను. అది ఏదో ఒక పేరా రాసింది. పేరా చివర ‘కొనసాగించమంటారా?’ అని ఉంది. నా కన్ను వడ మీద ఉంది. వేలు ‘అవును’ నొక్కింది.

ఆ పేరా నేను తరవాత చదివాను. ‘పరీక్షకోసం పెట్టుకున్న నంబర్లేవీ కనబడలేదు. జాబితాలో ఉన్నవి నిజమైన కుటుంబాల నంబర్లలా ఉన్నాయి. పంపితే వాళ్ళకే చేరతాయి. కొనసాగించమంటారా?’ ఇంతకంటే విడమరిచి చెప్పాలంటే అది రైలెక్కి వచ్చి నా చెవి పట్టుకోవాలి.

తెర మీద పచ్చరంగులో ‘ఎనభై ఆరు సందేశాలు చేరాయి’ అని వచ్చింది.

“చూసినావా మామా, ఎంత స్పీడో.”

మామ చూసేలోపల ఆయన ఫోను మోగింది. ఆయనకు కొంచెం చెవుడు కాబట్టి ఎప్పుడూ స్పీకరులోనే మాట్లాడతాడు.

“మునిరత్నం అన్నా, మా అమ్మాయి పెళ్ళి ఎవురు రద్దు చేసినారు?”

“ఎవురూ చేయలేదే.”

“మెసేజ్ వచ్చింది గదా. ‘తమరి వివాహము రద్దు చేయబడినదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాము’ అని వేసినారు. మా ఇంటి పెళ్ళి ఆగితే మీకేం అంత సంతోషం?”

మామ నా వైపు చూశాడు. నేను తెర వైపు చూశాను. మెసేజ్‌ను తెలుగులోనూ అరవంలోనూ ఏఐ చేతే మర్యాదగా రాయించాను. అరవం నాకు గడగడా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతాను, అందుకని సమానంగా రెండూ చదవలేదు. మెసేజ్ అక్కడితో ఆగలేదు. ‘తమరి తదుపరి వివాహమునకు కూడా మా మండపమునే ఎంచుకోగలరు’ అని ముగిసింది.

అప్పటికి మామ ఫోనులో ఆడి కృత్తిక పండగనాడు తిరుత్తణి కొండమెట్ల మీద జనంలాగా కాల్స్ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వెంగల్ నుంచి ఒక రైతు, నిదానంగా, ఎంతో బాధగా చెప్పాడు.

“మేము మాప్పిళ్ళ వాళ్ళకు, అదే పెళ్ళికొడుకు ఇంటికి, ఫోన్ చేసి ఎందుకు ఇట్ల చేసినారని అడిగితిమి. ‘రద్దు చేసింది మీరే గదా, మాకూ మెసేజ్ వచ్చింది’ అంటా ఉండారు. ఇప్పుడు రెండు పక్కలా మాటలు పెరిగిపోయినాయి. మా బావ చొక్కా వేసుకుని బయలుదేరతా ఉండాడు.”

మామ ఫోను కింద పెట్టాడు. “దామూ, ఇది టెస్టా, నిజమా?”

“టెస్టే మామా. నిజంగా పోయింది.”

ఇక్కడ బుద్ధున్నవాడైతే ల్యాప్‌టాప్ మూసేస్తాడు. నేను లీడ్ కావాల్సినవాణ్ణి కదా. చెమట తుడుచుకుని, ‘వెంటనే అందరికీ పెళ్ళి ఉందని చెప్పు, తొందరగా’ అని ఏఐకి ఇంకొక ఆజ్ఞ ఇచ్చాను. అది మళ్ళీ ఒక పేరా రాసింది. మళ్ళీ ‘కొనసాగించమంటారా?’ అంది. నేను మళ్ళీ ‘అవును’ నొక్కాను. ఆ పేరాలో ఏముందో మీరు ఊహించలేరు, నేనూ ఊహించలేదు. ‘నమూనాకోసం తేదీ గడిలో రేపటి తేదీ, పొద్దున ఆరు గంటలు అని పెట్టాను. పంపేముందు అసలు తేదీలు వేసుకోండి’ అని ఉంది.

దాంతో రద్దయిన నలభై మూడు పెళ్ళిళ్ళూ మర్నాడు పొద్దున ఆరు గంటలకు, ఒకే మండపంలో, ఒకే ముహూర్తానికి ఖాయమయ్యాయి.

“రేపేందప్పా? మాది ఆవణి మాసంలో గదా.”

“అబ్బాయి బెంగళూరులో ఉండాడు. లీవు ఎవురిస్తారు?”

“అమ్మాయికి ఇంకా చీరే తీయలేదు. రేపు ఏం కట్టేది?”

ఒకాయన మాత్రం ఏ ప్రశ్నా వేయకుండా, “సరి, మేము వ్యాన్ ఎక్కినాము, దారిలో ఉండాము” అని పెట్టేశాడు. మామ కుర్చీలోంచి లేచి, మండపం మొత్తం ఒకసారి కలియజూశాడు. నలభై మూడు హోమగుండాలు ఎక్కడ పట్టించాలా అని లెక్కేస్తున్నాడేమోనని నాకు భయమేసింది.

వెంగల్ రైతు మళ్ళీ పిలిచాడు. ఈసారి ఫోను మామ నా చేతికిచ్చాడు.

“ముందు రద్దంటివి, ఇప్పుడు రేపంటావు. నువ్వు మనిషివా, మిషనువా?”

“మనిషినే అయ్యా.”

“మిషనంటే క్షమించి ఉందునే,” అన్నాడాయన.

విమల మేడానికి ఫోను చేశాను. “మేడం, ఏఐ వల్ల ఒక చిన్న తప్పు జరిగిపోయింది” అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు.

“పంపే ముందు అది నిన్ను అడిగిందా, లేదా?”

“అడిగింది మేడం.”

“నువ్వేం చెప్పినావు?”

“అవునన్నాను.”

“ఎన్నిసార్లు?”

“రెండు.”

ఆమె గొంతు కొంచెం కూడా పెరగలేదు. అప్పుడే అనుకున్నాను, ఈమె అరిచినా బాగుండునని. “ల్యాప్‌టాప్ మూసెయ్యి దామూ,” అన్నారు. “మెసేజ్ ఏమీ పంపొద్దు. ఒక్కొక్కరికీ నువ్వే ఫోన్ చేసి, నీ నోటితో చెప్పు. తప్పు నాది అని మొదలుపెట్టు. వేరే పేరు ఏదీ ఎత్తొద్దు.”

మామ తన పాత నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎనభై ఆరు ఫోన్లు. మొదటి పదిమంది తిట్టారు. తిట్టడం అయ్యాక మనిషి దొరికాడు కదా అని మిగిలినవాళ్ళంతా తమ సందేహాలు అడగడం మొదలుపెట్టారు. మా అవ్వకు మోకాళ్ళ నొప్పి, భోజనాలకు మేడ ఎక్కాలా? వంటవాళ్ళు ముందురోజు ఎన్ని గంటలకు రావచ్చు? వానొస్తే చెప్పులు యాడ విడిచేది? జవాబు తెలిసింది చెప్పాను, తెలియంది మామనడిగి చెప్పాను, అన్నీ కాగితం మీద రాసుకున్నాను. దారిలో ఉన్న వ్యాను వాళ్ళను ఫోనులోనే అరక్కోణం దగ్గర ఆపి, టీ తాగి వెనక్కి పొమ్మని బతిమాలాను. వెంగల్ రైతు బావ చొక్కా విప్పాడని కబురు వచ్చేసరికి సాయంత్రం నాలుగైంది. మామ నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం అన్నం మాత్రం తనే వడ్డిస్తూ, “రసం పోయమంటావా? బాగా చూసి చెప్పు” అన్నాడు.

సోమవారం ఆ కాగితాలు మేడం బల్ల మీద పెట్టి, రాజీనామా ఎట్లా రాయాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆమె అన్నీ చదివారు. నిజంగా చదివారు, ఒక్కొక్క వరసా.

“మండపానికి వచ్చేవాళ్ళకు కావలసింది ఏమని మూడు నెలలుగా అడగతా ఉండాను, మనవాళ్ళు ఒకరూ చెప్పలేదు. ఇందులో ఉండాది,” అన్నారు. “లీడ్ సంగతి ఇప్పుడొద్దు. ఇంక ఈ ఆఫీసులో మిషను రాసింది ఏదైనా సరే, బయటికి పోయే ముందు నువ్వు చదివి సరే అనాల. ‘అవును’ అనేదానికి భయపడేవాడు నాకు ఒకడు కావాల.”

సాఫ్ట్‌వేరులో నా ఎదుగుదల అట్లా మొదలైంది. ఏఐ నా పని తీసుకుంటుందని భయపడ్డవాణ్ణి, అది రాసింది చదివే పనిలో చేరాను.

రెండు రోజుల తరవాత ఒక తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. ఆడపిల్ల గొంతు.

“అన్నా, మొన్న పెళ్ళి రద్దయిందని మెసేజ్ పంపించింది మీరే గదా?”

ఎనభై ఆరుసార్లు చెప్పి నోటికి వచ్చేసిన క్షమాపణ అందుకున్నాను. “తప్పు నాదమ్మా. మీ పెళ్ళికి ఏమీ కాలేదు. అనుకున్న తేదీకే జరుగుతాది. నువ్వేమీ దిగులు పడొద్దు.”

“అదే అన్నా దిగులు,” అంది ఆ అమ్మాయి. “నాకు ఈ పెళ్ళి ఇష్టం లేదు. నాలుగుసార్లు చెప్పినాను, నాయన వినలేదు. మొన్న మీ మెసేజ్ చూసి మా అమ్మ కూడా ‘పోనీలే’ అనింది. నాయన ఫోను చార్జింగులో ఉంటే మేమిద్దరమే చూసినాము. ఆయన తీసి చూసేలోపల మీరు రెండోది పంపించేసినారు. ఆ మొదటిది మాత్రం మా నాయనకు ఇంకొకసారి పంపిస్తారా?”

“ఇంక నేను చదవకుండా ఏదీ పంపనమ్మా.”

“చదివే పంపండన్నా.”

పంపలేదు. మునిరత్నం మామకు చెప్పాను. ఆయన తెల్లచొక్కా తొడుక్కుని ఆ ఇంటికి పోయి, కాఫీ తాగి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని తండ్రితో మాట్లాడాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పదిరోజులకు ఆ పెళ్ళి నిజంగానే రద్దయింది. మామ కబురు పెడితే నేను తిరుత్తణి పోయి, ఆ మెసేజ్‌ను తెలుగులో రెండుసార్లు, అరవంలో రెండుసార్లు చదివి, మామ చేత గట్టిగా చదివించి, అప్పుడు నొక్కాను. రెండే మెసేజ్‌లు పోయాయి. గంటసేపు ఎదురుచూశాం. ఎవరూ ఫోను చేయలేదు. నా ఉద్యోగంలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా, కుడిచేతి చూపుడువేలు పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో పొరపాటున ఎవరి పెళ్ళీ ఆపను. ఆపాల్సి వస్తే, పిల్లను అడిగి, పూర్తిగా చదివే ఆపుతాను.