వంగమ్మ టీచరు

బడి పిల్లలు ఆమెకు పెట్టిన పేరు వంగమ్మ టీచరు. ఆమె డ్రిల్లు చెప్పేది. ఏటా బడి తెరిచిన నెలలో, ఏడు నుంచి పది దాకా చదివే పిల్లల్ని ఒక్కొక్కరినే ఆటసామాన్ల గదిలోకి పిలిచి, "కాళ్లు దగ్గరపెట్టు. మోకాళ్లు మడవకుండా మెల్లగా వంగమ్మా" అనేది. వెనక నిలబడి వీపు చూసేది. వెన్ను పక్కకు వంకర తిరుగుతుంటే, వంగినప్పుడు వీపు ఒకవైపు గట్టులా లేస్తుంది. నిలబడి ఉంటే చొక్కా కింద ఎవరి కంటా పడదు. ఏదో శిక్షణలో ఆ సంగతి నేర్చుకున్నప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస.

మూడో ఏడు, ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వంగింది. పల్టీలు కొట్టడంలో బడి మొత్తానికి ఆ పిల్లే మేటి. అరచేతులు నేలకు ఆనించి, "ఇంకా వంగనా టీచర్?" అని నవ్వింది. టీచరు నవ్వలేదు. కుడివైపు వీపు ఎత్తుగా లేచి ఉంది.

ఇంటికి ఉత్తరం రాసింది. మర్నాడే తండ్రి డ్యూటీ బట్టలతో వచ్చాడు. బస్సు డ్రైవరు.

"గెంతులేసే పిల్లకి గూనంటారేంటమ్మా? నలుగురి నోళ్లలో పడితే దాని గతేం కాను?"

"గూని అనలేదు అన్నయ్యగారూ. ఎదిగే వయసు. ఇప్పుడే ఆసుపత్రిలో చూపిస్తే నడుముకు బెల్టు వేసి వంకర పెరక్కుండా ఆపొచ్చు."

"మా పిల్ల సంగతి మాకొదిలెయ్యండి."

హెడ్మాస్టరు కూడా ఆమెనే మందలించాడు. "ఆటలాడించండి చాలు. డాక్టరీ మనకెందుకు?"

ఆమె నోరు కుట్టేసుకుంది. ఆ పిల్ల రెండేళ్లు కళ్లెదుటే తిరిగింది. ఒక భుజం దిగిపోవడం, యూనిఫాం పక్కకు లాగడం చూస్తూనే ఉంది. ఇంటికెళ్లి అడుగుదామని రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్లి, ధైర్యం చాలక వెనక్కి వచ్చేసింది.

పదో తరగతిలో పల్టీ కొట్టబోయి ఆ పిల్ల నడుం పట్టేసి కూలబడింది. ఆసుపత్రిలో బెల్టు వేసే అదను దాటిపోయిందన్నారు. ఆపరేషన్ చేసి వెన్నులో కడ్డీలు బిగించారు.

టీచరు చూడబోతే, వరండాలో బల్ల మీద తండ్రి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె కూర్చున్నాక అన్నాడు: "తిట్టి పంపింది నేనే. కాదనను. అయినా మీరు ఇంకొక్కసారి అడిగుంటే..."

మలుపు దాకా వచ్చానని ఆమె చెప్పలేకపోయింది.

లోపల మంచం మీద పిల్ల, "పల్టీలు మళ్లీ ఎప్పుడు కొట్టొచ్చు టీచర్?" అంది.

"ముందు నడువు తల్లీ" అని ముఖం తిప్పుకుంది.

అప్పటి నుంచి ఆమె ఉత్తరాలు రాయడం మానేసి, ఇళ్లకు తనే వెళ్లేది. గుమ్మంలోంచే పంపేస్తే వారం తిరక్కుండా మళ్లీ వెళ్లేది. పదకొండేళ్లలో పద్నాలుగు మందిని వేళకు ఆసుపత్రికి చేర్చింది.

ఆ పిల్ల ఇప్పుడు మందుల దుకాణంలో పనిచేస్తోంది. నడుం వంగదు కనుక, కింది అరలోది తియ్యాలంటే మోకాళ్ల మీద కూర్చుంటుంది. దుకాణం టీచరు ఇంటి పక్క సందులోనే. ఆమె మాత్రం తన బీపీ మాత్రల కోసం రెండు వీధులు చుట్టుతిరిగి ఇంకో దుకాణానికి వెళ్తుంది.