బాపు నేర్పిన మొదటి ఎత్తు

మా చిన్నతనంల... గౌలిపుర గల్లీల పొద్దుగాల పాలు పోసొచ్చి, బాపు అరుగు మీద చదరంగం పెట్టేటోడు. సుద్దతో గీసిన గడులు... అరిగిపోయిన కట్టె పావులు.

బాపు ఆట మొదలుపెట్టే తీరే వేరు. రెండు బంట్లను రెండు చేతులతో ఒక్కసారే, ఒక్కో గడి ముందుకు జరిపేటోడు... బర్రె పాలు పిండినట్టు! మా గల్లీల అందరిదీ అదే ఆట. నాకూ అట్లనే నేర్పిండు.

నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు నయాపూల్ దగ్గర ఒక బడిల పోటీ పెట్టిన్రు. బాపు ఇస్త్రీ అంగీ తొడుక్కొని నన్ను సైకిల్ మీద తీస్కపోయిండు. దారి పొడుగునా కనబడ్డోళ్లకల్లా చెప్పుడే... "నా కొడుకు భాయ్, నేనే నేర్పిన!"

తెల్ల పావులు నాయి. రెండు చేతులు చాపి రెండు బంట్లు జరిపిన.

ఎదురుగ కూసున్న పిల్లగాడు పడి పడి నవ్విండు. "సార్! వీడు రెండెత్తులు ఒక్కసారే వేస్తుండు!"

హాలంత ఒకటే నవ్వు. అంపైర్ సారు ఒక బంటును వెనక్కి పెట్టి, "ఒక ఎత్తుకు ఒక్క బంటే బాబూ. గిట్ల ఎవరు నేర్పిన్రు నీకు?" అన్నడు.

తలుపు కాడ బాపు... నేనే అన్నట్టు చెయ్యి సగం లేపిండు.

"ఎవ్వరు నేర్పలే సార్" అన్న.

ఆ చెయ్యి మెల్లగ దిగింది.

ఆట మాత్రం గెలిచిన! బాపు నేర్పిన గుర్రం దెబ్బతోనే గెలిచిన. బయటికొస్తే ఆయన, "ఆకలైతుందా బిడ్డా?" అన్నడు... గంతే.

మర్నాడు పక్కింటాయన వచ్చి "ఆవో, ఒక బాజీ ఆడదాం" అంటే, బాపు పాల సర్వ తోముకుంట, "నాకు ఆట రాదు భాయ్" అన్నడు. సచ్చిపోయేదాక మళ్లా పావు ముట్టలే.

ఇయ్యాల నేను గుడి ముంగట మైకు పట్టి ధర్మం చెప్తున్న. బడిల నేర్చింది కాదు, కూడబలుక్కొని నేనే చదివిన... ఆ ధర్మ గ్రంథం ఎప్పుడూ సంచిలనే ఉంటది. అబద్ధమాడేటోళ్లను మాటలతోనే కాలుస్తా! కానీ తండ్రి దైవమనే పేజీ తెరిస్తే... తండ్రిని కాదన్న నోరు ఇదేనాయె! చప్పున ఆ పేజీ తిప్పేస్త.

ఆ అరుగు ఇప్పుడు లేదు... రోడ్డు వెడల్పుల పోయింది. పిల్లలు ఫోన్ల ఆడుతున్నరు, ఒక్క వేలు చాలు. రెండు చేతులతో ఆట మొదలుపెట్టేటోళ్లు నాకు కనబడలే.

మీకు మొదటి ఎత్తు నేర్పింది ఎవరు? సిగ్గుపడకుండ కింద కామెంట్ల పేరు రాయండి. ముందు నేనే రాస్తున్న... ఆ రోజు సారుకు చెప్పాల్సిన జవాబు.

మా బాపు. పాల మల్లయ్య.