ఎలుకలు తిన్న మలీద

చిక్కడపల్లిలో కిషన్ రావుగారి ఇంటి వెనక గదిలో కిరాయికుండే జోగారావుకు ఒక్క విషయంలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. ఎలుక దేన్ని చూసి ఎందుకు మూతి తిప్పుకుంటుందో అతనికి తెలుసు. తణుకు దగ్గర్నుంచి వచ్చి, యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్ర శాఖలో చేరి, పెళ్లీ పెటాకులూ లేకుండా ఎలుకల మధ్యే ముప్పై దాటించాడు.

పని ఇదీ. ఎలుకకు తియ్యటి నీళ్లు తాగిస్తాడు. ఆనక ఒక సూది పొడుస్తాడు. పాపం, దానికి కడుపులో తిప్పి ఓ మూల ముడుచుకుంటుంది. తప్పు సూదిది, నింద మాత్రం తీపి మీద. మర్నాటి నుంచి ఆ నీళ్లు చచ్చినా ముట్టదు. అదే, సన్నటి తీగతో మెదడులో ఆవగింజంత చోటు కాల్చేసిన ఎలుకలున్నాయే, వాటికీ కడుపులో తిప్పుతుంది. కానీ మర్నాడు ఏమీ ఎరగనట్టు వచ్చి అవే నీళ్లు జుర్రుకుంటాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు జోగారావు ముఖం వెలిగిపోయేది. వినేవాళ్లు అశోక్‌నగర్ దాకా వస్తామని చెప్పి మధ్యలో ఏదో సందులోకి జారుకునేవారు.

ఇన్ని తెలిసిన మనిషి మలీద దగ్గర బోల్తాపడ్డాడు.

రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపితే మలీద. సద్దుల బతుకమ్మనాడు ఆడవాళ్లు బతుకమ్మను సాగనంపి అందరికీ పంచుతారు. ఆ ఇంట్లో దిగిన ఏడాది ఇంటావిడ దమయంతి గిన్నెడు పెడితే జోగారావు లొట్టలేసుకుంటూ తిన్నాడు. కాసేపటికే వాంతులు. తీరా చూస్తే పచ్చకామెర్లు. మలీద ఏ పాపమూ ఎరగదని డాక్టరు చెప్పకముందే అతనికి తెలుసు. ఆ సంగతి కడుపుకెవరు చెప్పాలి? అప్పట్నుంచి ఆ వాసన తగిలితే చాలు, పేగులు నోట్లోకొచ్చేవి.

ఆ ముక్క ఆవిడతో అనొచ్చుగా! అనడు. ప్రసాదం వద్దనడానికి మొహమాటం. ఏటేటా గిన్నె అందుకుని, గదిలో తింటానని చెప్పి, టిఫిన్ డబ్బాలోకి మార్చి, సైకిలెక్కి నల్లకుంట మీదుగా పోయి ఎలుకలకు పెట్టేవాడు. తిరిగొచ్చి అమృతంలా ఉందని మెచ్చుకునేవాడు. ఆవిడ మురిసిపోయేది.

ఇంతలో అరవై తొమ్మిది వచ్చింది. ఊరంతా ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని నినాదాలు. ఒకరోజు నారాయణగూడ వైపు నుంచి కుర్రాళ్ల గుంపు వచ్చి గేటు దగ్గర నిలబడింది. గదిలో జోగారావు బిక్కచచ్చిపోయాడు. కిషన్ రావుగారు బయటికెళ్లి ఏదో మాట్లాడారు, గుంపు వెళ్లిపోయింది. ఏం చెప్పారని ఎంత అడిగినా ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఆ ఏడు బతుకమ్మకు దమయంతి గిన్నె తెచ్చి గుమ్మంలోనే కూర్చుంది. పక్కనే కుర్చీలో కిషన్ రావుగారు.

"ఈ యాడాది బతికి బయటపడ్డవు తమ్మీ. నా కండ్ల ముందట తిను" అంది.

జోగారావు ఇరుకున పడ్డాడు. గిన్నె తిప్పి పంపితే ఇక ఈ ఇంట్లో తను వట్టి కిరాయిదారే. తింటే కడుపు ఊరుకోదు. దిక్కుతోచక ఎలుకల కథ ఎత్తుకున్నాడు. తీగ, మెదడు, కామెర్లు, అన్నీ ఏకరువు పెట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని, మరి ఇన్నేళ్ల మలీద ఎవరు తిన్నారని అడిగింది.

సమయానికి ఒక్క అబద్ధమన్నా తోచి చావదు కదా. ఎలుకలని చెప్పేశాడు. వాటికి భలే నచ్చిందని కూడా చేర్చాడు, మహానుభావుడు!

దమయంతి మొహం మాడిపోయింది. కిషన్ రావుగారు నేల చూపులు చూస్తూ మెల్లిగా అన్నారు.

"గా దినం పొరగాండ్లు అడిగిన్రు, ఈ ఆంధ్రాయన నీకేమైతడని. ఏటేటా మా ఇంట్ల బతుకమ్మ మలీద తింటడు, మా తమ్ముడే అన్న. గంతే చెప్పిన."

జోగారావు సిగ్గుతో చచ్చిపోయాడు. గిన్నె లాక్కుని పిడికెడు నోట్లో కుక్కుకున్నాడు, ఇంకో పిడికెడు, ఇంకోటి. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపలేదు. గిన్నె ఖాళీ చేసి, లేచి, పెరట్లో నల్లా దగ్గరికి పరుగెత్తి మొత్తం కక్కేశాడు.

కిషన్ రావుగారు వెనకే వచ్చి అతని నుదురు పట్టుకున్నారు. గేటు కాడ అబద్ధం చెప్పినట్టే అయిందని గొణుక్కున్నారు.

"అబద్ధమెట్లయితది? తిన్నడు కద" అంది దమయంతి, చెంబుతో నీళ్లు అందిస్తూ.