కథ చెప్పిన నోటితోనే సాక్ష్యం

మా పెద్దమ్మ పోయిందని పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను చెన్నైలో ఒక షూటింగు ఇంట్లో కూర్చుని, మధ్యాహ్నం తీయబోయే సీనుకు మాటలు రాస్తున్నాను. ఫోన్ చేసింది పెద్దమ్మ కొడుకు.

"అమ్మ పోయింది అమ్మణీ. కాఫీ తాగింది, టీవీ పెట్టమనింది. పెట్టి తిరిగి చూస్తే తల వాలిపోయి ఉండాది," అన్నాడు. తర్వాత, "టీవీ ఇంకా ఆపలేదు. చెయ్యి రాలేదు," అన్నాడు.

సీను ఇంకొకరికి అప్పగించి కోయంబత్తూరు బండెక్కాను. ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే అదీ ఆవిడ మీద ప్రేమతోనే. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడతాం, బళ్ళో తమిళం చదువుకున్నాం. పెద్దమ్మకు తెలుగు అక్షరాలు రావు. నాకు కూడా ముప్పై దాటాకే వచ్చాయి. తప్పులుంటే మన్నించండి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. కోయంబత్తూరు దగ్గర సూలూరు వెళ్ళే దారిలో ఉన్న ఒక నూలు మిల్లులో, రీలింగు సెక్షన్లో పనిచేసేది. నూలును కట్టలుగా చుట్టే పని అది. అందరూ ఆడవాళ్ళే. మా అమ్మ కూడా అక్కడే. మిల్లు వెనకాల వరసగా కట్టిన లైను ఇళ్ళలో మా రెండు కుటుంబాలకూ మధ్య ఒక్క గోడే అడ్డం. మిల్లు సంగు, అంటే సైరను, ఊదగానే పెద్దమ్మ గోడ మీద రెండు దెబ్బలు కొట్టేది. అమ్మ ఇటునుంచి ఒక దెబ్బ కొట్టేది. లేచానని అర్థం.

నాకు పదేళ్ళప్పుడు మిల్లు క్లబ్బు గదిలోకి టీవీ వచ్చింది. ఆదివారం పొద్దున పురాణం సీరియల్ వేసేవారు. అంతా హిందీ. లైన్లలో ఒక్కరికీ హిందీ రాదు. మొదటి ఆదివారం నూటికి పైగా జనం కూర్చుని, కిరీటాలు, బాణాలు, మబ్బుల్లోంచి దిగే దేవుళ్ళను నోరు తెరుచుకుని చూశారు. సగం అయ్యేసరికి పిల్లలు గోల మొదలుపెట్టారు. అప్పుడు పెద్దమ్మ లేచి వెళ్ళి టీవీ పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

"ఊరికే ఉండండి అందరూ. ఆయన ఏం చెప్తా ఉండాడో నేను చెప్తాను," అంది.

ఆవిడకూ హిందీ రాదు. కానీ కథ తెలుసు. వాళ్ళ అవ్వ పత్తి ఏరుతూ చెప్పిన కథలన్నీ ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి. తెర మీద పెదవులు కదిలే కొద్దీ మా ఇంటి తెలుగులో మాటలు పెట్టేసింది. రాణి కోపంగా అటు తిరిగితే, "పో, ఈ పూట నీకు సాంబారు లేదు," అని రాణి గొంతుతో అనేది. సేనాపతి పరుగెత్తుకుంటూ వస్తే, "ప్రభూ, మొదటి షిఫ్టు వాళ్ళు వచ్చేసినారు, రెండో షిఫ్టు వాళ్ళు ఇంకా రాలేదు," అనేది. జనం పడి పడి నవ్వేవారు. తమిళం వాళ్ళ కోసం మధ్యమధ్య తమిళంలోకి మారిపోయేది. చర్చి నుంచి తిన్నగా వచ్చే కుటుంబాలు కూడా ఉండేవి. వాళ్ళు రావడానికి కాస్త ఆలస్యమైతే, అప్పటిదాకా జరిగిన కథను రెండు ముక్కల్లో చెప్పి కూర్చోబెట్టేది.

అలా చర్చి నుంచి వచ్చేవాళ్ళలో మా వరస చివరింటి అమ్మాయి ఒకతె. పదిహేడేళ్ళుంటాయేమో. రీలింగులో కొత్తగా చేరింది. పెద్దమ్మ పక్క మిషను. ఆ పిల్ల నవ్వితే గది అంతా వినబడేది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఆ పిల్ల చెయ్యి మిషను పళ్ళ చక్రాల్లో పడింది. కుడిచేతికి రెండు వేళ్ళు పోయాయి. చక్రాల మీద ఉండాల్సిన రేకు మూత లేదు. శుభ్రం చేయడానికి అడ్డం వస్తోందని, సెక్షనులో పని చేయించే మేస్త్రీయే తీయించేశాడు. ఆ రోజు పేరుకున్న దూదిని మిషను ఆపకుండానే తుడవమని చెప్పింది కూడా ఆయనే. కానీ ఆఫీసు కాగితంలో రాసింది వేరు. ఆ పిల్ల అజాగ్రత్తగా, ఎవరూ చెప్పకుండా, తానే చెయ్యి పెట్టిందని రాశారు. విచారణలో అదే ఖాయమైతే ఉద్యోగం పోతుంది. తండ్రి లేని ఇల్లు అది. తల్లి ఉబ్బసం మనిషి.

మేస్త్రీ చెప్పడం చుట్టుపక్కల నలుగురు విన్నారు. నలుగురూ వినలేదన్నారు. మా అమ్మ మిషను దూరం. మిగిలింది పెద్దమ్మ. ఆవిడను ఇంకా ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం క్లబ్బు గది ఎప్పటిలాగే నిండింది. మేస్త్రీ ముందు వరసలో కుర్చీలో కూర్చున్నాడు. వెల్ఫేర్ ఆఫీసరు కూడా పిల్లల్ని తీసుకుని వచ్చాడు. తెర మీద రాజసభ. ఒక ముని కోపంగా చెయ్యెత్తి రాజును ఏదో అడుగుతున్నాడు. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొదలుపెట్టింది.

"ముని అడగతా ఉండాడు. రాజా, నీ రథం చక్రం తిరగతా ఉండంగానే దాన్ని తుడవమని ఆ బిడ్డకు చెప్పింది ఎవురు? చక్రం మీది మూత తీసింది ఎవురు? నీ సభలో విన్నోళ్ళు నలుగురు ఉండారు. నాలుకలు ఎక్కడ పెట్టుకోని వచ్చినారు?"

మేస్త్రీ మెల్లగా వెనక్కి తిరిగి ఆవిడను చూశాడు. వెనక వరసలో ఎవరో ఒకరు చప్పట్లు కొట్టారు. ఇంకొకరు, తర్వాత గది మొత్తం. నేను బెంచీ ఎక్కి నిలబడి కొట్టాను. నా జీవితంలో చూసిన సీరియళ్ళన్నిటిలోనూ అంత గొప్ప ఎపిసోడు ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటాను.

కానీ ఇంటికి వచ్చాక పెద్దమ్మ ముఖం చూస్తే గెలిచిన మనిషిలా లేదు. గడపలో కూర్చుని చాలాసేపు కాలి వేలితో నేల గీకింది.

"బాగా చెప్పినావు పెద్దమ్మా," అన్నాను.

"ఏం బాగు? ముని చెప్పినాడు, నేను చెప్పలే. మునిని పనిలోంచి తీసేస్తారా? నన్ను తీసేస్తారు. అందుకని ఆయన్ను ముందర నిలబెట్టి నేను వెనక దాక్కుంటిని. భయం అమ్మణీ, వేరే ఏం లేదు."

"అందరికీ అర్థమైంది కదా?"

"అర్థమయ్యింది. రేపు ఆఫీసులో ఆ కాగితం మీద రాస్తారా, ముని చెప్పినాడని? చూసింది నేను. నేనే చెప్పాల."

బుధవారం విచారణ. ఆ గదిలో ఏం జరిగిందో ఆ పిల్లే తర్వాత మాకు చెప్పింది, ఒక్కసారి కాదు, ఎన్నోసార్లు. పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. తల ముడి గట్టిగా చుట్టుకుని, చేతులు కట్టుకుని మేస్త్రీకి ఎదురుగా నిలబడింది.

"సార్, నేను చూసినాను. ఆ మిషను పక్క మిషను నాది. మూత తీయించింది ఈయనే. ఆపకుండా తుడవమన్నదీ ఈయనే. రెండుసార్లు చెప్పినాడు. మొదటిసారి ఆ పిల్ల ఆపేదానికి పోయింది, కోప్పడినాడు."

వెల్ఫేర్ ఆఫీసరు నవ్వుతూ తమిళంలో అడిగాడట, ఆదివారం టీవీ ముందు చెప్పిన కథే ఇక్కడా చెబుతున్నావా అని.

పెద్దమ్మ నవ్వలేదు. "అక్కడ చెప్పింది కథ సార్. అది నా ఇష్టం వచ్చినట్టు చెప్తాను. ఇది చూసింది. దీంట్లో ఒక్క మాట నాది లేదు. రాసుకోండి, నేను వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను," అంది.

తమిళంలో తన పేరు నాలుగు అక్షరాలూ కూడబలుక్కుంటూ పెట్టింది. ఆవిడ సంతకం చూసి, వినలేదన్న నలుగురిలో ఇద్దరు సాయంత్రానికి వచ్చి విన్నామన్నారు.

ఆ పిల్ల ఉద్యోగం నిలబడింది. కూర్చుని చేసే పని ఇచ్చారు, నూలు కట్టలకు చీటీలు అతికించే పని. నెల తిరక్కుండా మిషన్లన్నిటికీ మూతలు వచ్చాయి. మేస్త్రీకి ఏమీ కాలేదు. పెద్దమ్మను మాత్రం చెత్తదూది గదికి మార్చారు. ఆ దుమ్ములో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆ దగ్గు చివరిదాకా ఆవిడతోనే ఉంది. దాని గురించి ఒక్కనాడూ బాధపడినట్టు మాట్లాడలేదు. "అక్కడ మేస్త్రీ రాడు, హాయి," అనేది.

తర్వాతి ఆదివారాలు మాత్రం కథ చెప్పేటప్పుడు చాలా బుద్ధిగా చెప్పింది. ముని మునిలాగే, రాజు రాజులాగే. సాంబారు లేదు, షిఫ్టు లేదు. చివరికి చేతికి కట్టుతోనే వచ్చిన ఆ పిల్లే లేచి, "ఏమక్కా, ఇంత చప్పగా చెప్తా ఉండావు? ఉప్పు అయిపోయిందా?" అని అడిగింది. గది అంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వేసి, తెర మీద ఆకాశంలో పోతున్న విమానాన్ని ఆపి టిక్కెట్టు అడిగించింది దేవుడి చేత.

నేను చదువుకుని చెన్నై వెళ్ళి, టీవీ సీరియళ్ళకు రాయడం మొదలుపెట్టేనాటికి మిల్లు మూతపడింది. పెద్దమ్మ కొడుకు దగ్గర సూలూరులో ఉండేది. నాకు మొదట దొరికింది అమ్మవారి సీరియల్. వేపాకులు ఊగడం, త్రిశూలం దానంతట అదే కదలడం, ఇలాంటివి రాసేదాన్ని. పెద్దమ్మ ఒక్క రోజు తప్పకుండా చూసేది. నాకు సిగ్గుగా ఉండేది.

"అదంతా పొయ్ పెద్దమ్మా, చూడకు," అన్నాను ఒకసారి. అబద్ధాన్ని మేము తమిళంలో లాగే పొయ్ అంటాం.

ఆవిడకు కోపం వచ్చింది. "పొయ్ అంటే ఏమో నాకు తెల్సు. ఆఫీసు కాగితం మీద రాసినారే, ఆ పిల్ల తనే చెయ్యి పెట్టిందని, అది పొయ్. నీ అమ్మవారు ఆకాశంలోంచి దిగతాదని చూసేవోళ్ళకు తెల్సు, తీసేవోళ్ళకూ తెల్సు. ఎవురు మోసపోయినారు? ఆమెను బాగా దింపు, అంతే. ఆ పూజ చేసే పిల్ల మాత్రం నిద్రలేచేటప్పుడే పట్టుచీరలో ఉండాది. అది నేను నమ్మను."

ఆ రోజు నుంచి నా సీరియల్లో ఎవరూ పట్టుచీరతో నిద్ర లేవలేదు. డైరెక్టరుతో పోట్లాడి గెలిచిన మొదటి విషయం అది.

కొన్నేళ్ళకు నా సొంత కథ రాసే అవకాశం వచ్చింది. మిల్లు ఆడవాళ్ళ కథ. దేవతలు లేరు, పాములు లేవు. అంతా నిజం, అంతా కష్టం. పత్రికల్లో మెచ్చుకున్నారు. గర్వంగా సూలూరు వెళ్ళి పెద్దమ్మ పక్కన కూర్చుని రెండు ఎపిసోడ్లు చూశాను. అవి అయిపోగానే ఆవిడ లేచి నాకు దోసె పోసింది. పెనం మీది దోసెను చూస్తూ అంది:

"అందరూ జడ వదిలేసి మిషను ముందర నిలబడినారే? ఒక నిమిషంలో పట్టుకుంటాది. ముడి వేసుకోమను." దోసె తిరగేసింది. "ఇంకోటి. ఇంత ఏడుపు మేము ఏడవలేదు అమ్మణీ. తినే గంటలో ఎంత నవ్వేవాళ్ళం! మేస్త్రీ నడక నడిచి చూపించేది మీ అమ్మ. అది ఏదీ? కష్టం చూపిస్తే చాలా, మనుషులు వద్దా?"

దోసె సగంలో ఆపేశాను. ఆవిడ చెప్పింది నిజమని నాకు వెంటనే తెలిసిపోయింది. దేవతలను తీసేస్తే చాలు, నిజం దానంతట అదే వచ్చేస్తుందనుకున్నాను నేను. చెన్నై వెళ్ళి తర్వాతి ఎపిసోడ్లన్నీ మళ్ళీ రాశాను. ఆడవాళ్ళు జుట్టు ముడి వేసుకున్నారు. భోజనాల గదిలో ఒకతె మేస్త్రీలా నడిచింది. ఆ సీరియల్ ఎక్కువ రోజులు నడవలేదు. అయినా నేను రాసినవాటిలో ఎవరి ముందైనా తల ఎత్తుకుని చూపించగలిగేది అదే. దాన్ని సరిచేసింది ఏ పుస్తకమూ కాదు, ఏ గురువూ కాదు. పెనం ముందు నిలబడి దగ్గుతూ మాట్లాడిన ఒక రిటైరైన మిల్లు కార్మికురాలు.

నేను సూలూరు చేరేసరికి ఇంటి ముందు జనం నిండిపోయి ఉన్నారు. లైను ఇళ్ళ నుంచి చెదిరిపోయిన వాళ్ళందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఆ చివరింటి అమ్మాయి, ఇప్పుడు మనవరాలున్న మనిషి, పెద్దమ్మ తల దగ్గర కూర్చుని మూడు వేళ్ళున్న చేత్తో ఆవిడ నుదుటి మీది వెంట్రుకలు సరిచేస్తోంది. నన్ను చూసి, "మా అక్క అందరికీ చెప్పింది కథలు. నాకు మాత్రం ఉద్యోగం చెప్పింది," అని, ఏం మాట్లాడిందో తనకే తెలిసినట్టు లేక, ఏడుస్తూనే కొంచెం నవ్వింది. నేనూ నవ్వాను. అలాంటి మాట నేను రాయగలిగేదాన్ని కాదు.

ఆవిడను నేను ప్రాణంతో చివరిసారి చూసింది వేసవిలో, సూలూరు బస్టాపులో. వద్దన్నా వినకుండా నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. బస్సు కదలబోతుంటే ఎయిర్‌ఫోర్సు విమానాలు మూడు ఆకాశాన్ని చీల్చుకుంటూ తక్కువ ఎత్తులో వెళ్ళాయి. బస్టాపులో ఉన్న జనమంతా, కండక్టరుతో సహా, తలలెత్తి చూశారు. పెద్దమ్మ మాత్రం కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మునివేళ్ళ మీద లేచి, కిటికీల వరస వెంట ఒక్కొక్క కిటికీలోకి చూస్తోంది, నాకు సీటు దొరికిందా లేదా అని.