తువ్వాలు కింద చెయ్యి

దుకాణం కప్పుకు రేకులు కొనాలని దాచిన ముప్పై రూపాయలు జేబులో వేసుకుని, పెళ్ళాన్ని పోర్ట్ లూయీ షికారుకు తీసుకువెళ్ళిన వర్తకుడు మా దీవిలోని సవాన్ జిల్లా మొత్తానికి నేనొక్కడినే. గాలివానల నెలలు ముందున్నాయి. పాత కప్పు జల్లెడలా ఉంది. అయినా వెళ్ళాను. ఇంత తెలివితక్కువ పనిని ఇంత హుందాగా చేసినవాడు ఇంకొకడుంటే చూపించండి.

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు, అప్పుడూ లేదు. నేను కొట్ల మధ్య పెరిగినవాణ్ణి. దెయ్యానికి జేబు ఉండదు. జేబు లేనివాళ్ళను మా ఇంట్లో ఎవరూ పట్టించుకునేవారు కాదు.

వెళ్ళడానికి కారణం నా భార్య లచ్చమ్మ. మొదటి కానుపులో బిడ్డ దక్కలేదు. ఒళ్ళు కోలుకుంది కానీ ఆ తరువాత ఆమెకు ఏదీ అక్కర్లేకుండా పోయింది. చీర కొననా అంటే వద్దు. పుట్టింటికి వెళతావా అంటే వద్దు. గొడవ పడదామంటే అదీ వద్దు. కొట్టుకు వచ్చినవాళ్ళు ఏమీ కొనకుండా వెళ్ళిపోతే నాకు నిద్రపట్టదు. ఏమీ అడగని మనిషితో ఒకే ఇంట్లో ఉండడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మా ఊరు షెమాన్ గ్రెనియే నుంచి సుయాక్ దాకా నడిచి, అక్కడ తొలి రైలు ఎక్కాం. వకోవా వైపు ఎత్తు మీదికి వచ్చేసరికి సన్నని వాన, చలి. ఆమె కొంగు కప్పుకుని కిటికీ పక్కన కూర్చుంది. పోర్ట్ లూయీలో దిగితే మళ్ళీ ఎండ.

ముందు రేవు చూపించాను. తెరచాపల ఓడలు, పొగ ఓడలు, చక్కెర బస్తాలు మోసే కూలీల వరసలు. తరువాత గుర్రప్పందాల మైదానం చూపించాను. పందెం లేదు కనుక గడ్డి చూశాం. ఉచితంగా చూడగలిగినవన్నీ అలా పూర్తిచేశాను.

బజారు గేటు దగ్గర ఒకామె గాతో పిమా వేయిస్తోంది. అవి మన పప్పు వడలే, పట్నం వచ్చి పేరు మార్చుకున్నాయి. ఐదింటి డబ్బుకు ఆరు రాబట్టాను.

“ఒక్క వడకి ఇంత వాదనా, మిస్యే? పెళ్ళికూతుర్ని కూడా కొసరుకే తెచ్చుకున్నావా?” అంది ఆమె ఇక్కడి క్రియోల్ భాషలో.

అలాంటి మాటకు లచ్చమ్మ ఒకప్పుడు వడ్డీతో సహా బదులిచ్చేది. ఆ రోజు వడ చేతిలో పట్టుకుని, సగం తిని, మిగతాది నాకిచ్చింది.

బజారు లోపల కూరల వరసలు దాటాక పాత సామాను అమ్మేవాళ్ళుంటారు. అక్కడ లచ్చమ్మ ఆగింది. ఆమె ముందు చేత్తో తిప్పే పాత కుట్టుమిషను. నల్లరంగు అక్కడక్కడ రాలింది. ఆమె చక్రం మీద వేలు పెట్టి కొంచెం తిప్పింది.

“ఇది తిరుగుతంది,” అంది.

నెలల తరువాత ఒక వస్తువు గురించి ఆమె తనంతట తాను అన్న మొదటి మాట అది. అడిగిన ధరకే కొనేయాలనిపించింది. అయితే మొహం మాత్రం పుల్లటి చింతకాయ తిన్నట్టు పెట్టాను. అలవాటు.

అమ్మే ముసలాయన కోరంగి వైపు నుంచి వచ్చిన మన తెలుగువాడే. ముప్పై అన్నాడు. పక్కన ఒక దర్జీ నిలబడి మిషను సూదిని చూస్తున్నాడు, అంటే అతనూ కొనడానికే వచ్చాడు. అతని చెవిన ధర పడకూడదు. ముసలాయన నా భుజం మీది తువ్వాలు చూసి, “వేళ్ళ బేరం తెలుసా బాబూ?” అన్నాడు.

తెలియకేం. మా నాన్న కొట్టు నడుపుతూనే ఆవుల బేరాలు చేసేవాడు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుకుని, వేళ్ళు పట్టి ధర చెప్పుకుంటారు. ముందు పట్టినవి పదులు, తరువాత పట్టినవి రూపాయలు. ఆ సమయంలో తువ్వాలు వైపు గానీ, ఎదుటివాడి మొహం గానీ చూడకూడదు. చూస్తే మనసులోని ధర బయటపడుతుంది. నాన్న నాకు నేర్పిన మొదటి విద్య అదే.

తువ్వాలు కప్పి చెయ్యి చాచాను, చూపు దర్జీ మీద నిలిపాను. నా లెక్క ఇది: పద్దెనిమిది అంటాను, ఒప్పుకోకపోతే నడిచి వెళ్ళిపోతాను, వెనక్కి పిలుస్తాడు. ఎప్పుడూ పిలుస్తారు.

ఒక చెయ్యి వచ్చి నా రెండు వేళ్ళు పట్టుకుంది. తరువాత ఐదూ కలిపి పట్టింది. ఇరవై ఐదు. నేను ఒక వేలు, తరువాత ఐదూ మూడూ పట్టాను, పద్దెనిమిది అని. ఆ చెయ్యి ఒప్పుకోలేదు. మళ్ళీ రెండు, మళ్ళీ ఐదు. ఈసారి గట్టిగా, పిల్లవాడి చెయ్యి పట్టి దారి దాటించినట్టు.

అప్పుడు తగిలింది. ఆ చేతికి చూపుడువేలు పై కణుపు లేదు.

మా నాన్నకూ లేదు. ఎద్దు తాడు లాగినప్పుడు పోయింది. ఆయన చనిపోయి అప్పటికి రెండేళ్ళు.

“సరే, ఖాయం,” అన్నాను.

“ఏటి ఖాయం? నేనింకా చెయ్యే పెట్టలేదు గదా,” అన్నాడు ముసలాయన.

తిరిగి చూశాను. ఆయన వంగి, రెండు చేతులతో మిషనుకు దారం ఎక్కిస్తున్నాడు.

లచ్చమ్మ నా వైపు వింతగా చూసింది. “ఆయన చేతులు రెండూ మిషను మీదే ఉన్నాయి. కుట్టు చూపించమని నేనే అడిగాను. నువ్వు ఒక్కడివే తువ్వాలు కప్పుకుని నిలబడ్డావు.”

ముసలాయనను చేతులు తిప్పి చూపించమన్నాను. పది వేళ్ళూ నిండుగా ఉన్నాయి.

“ఇరవై ఐదు,” అన్నాను.

ఆయన దారం వదిలేశాడు. “నా కడపటి మాట అదే. నీకెవరు చెప్పారు? నేనెవరితోనూ అన్లేదు.”

దర్జీ నాలుక చప్పరించాడు. “నేను ముందే ఇరవై నాలుగు ఇస్తానన్నాను. ఇంకో రూపాయికి నోరు తెరవబోతున్నాను, ఈలోగా నువ్వు పడ్డావు.”

అంటే నేను పద్దెనిమిది చెప్పి నడిచి వెళ్ళి ఉంటే, వెనక్కి పిలవడానికి అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. నా జీవితంలో నాతో ధర పెంచించిన చెయ్యి అదొక్కటే.

ఎన్నో విధాల ఆలోచించాను. చెయ్యి తిమ్మిరెక్కిందేమో. నాన్న మీది బెంగ వేళ్ళకు చేరిందేమో. ముసలాయన మనసులోని అంకె తిమ్మిరికి ఎలా తెలిసిందో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

మిషను మోసుకుని స్టేషనుకు వస్తూ లచ్చమ్మకు అంతా చెప్పాను.

“మావ నీకంటే మంచి బేరగాడు,” అంది ఆమె. తరువాత, “ఆకలేస్తంది. ఆ వడలు ఇంకో నాలుగు కొను. కొసరు అడక్కు,” అంది.

అడగలేదు.

లెక్క దాచకుండా చెబుతాను. మిషనుకు ఇరవై ఐదు. రైలు, తిండి, దారపు ఉండలు కలిపి మూడున్నర. మిగిలిన రూపాయిన్నరకు రేకులు రావు. ఆ ఏడాది వానకు బియ్యం బస్తాలు రెండు తడిశాయి, అది పూర్తిగా నా నష్టం. లచ్చమ్మ మొదట తనకు రవిక కుట్టుకుంది, తరువాత పక్కింటివాళ్ళకు, తరువాత తోట కూలీల చొక్కాలు. ఆ డబ్బు కప్పుకు చాలడానికి రెండేళ్ళు పట్టింది. బేరం కుదిర్చినందుకు దళారీ సొమ్ము మాత్రం ఇవ్వలేదు. ఎవరికి ఇవ్వాలో తెలిస్తే, అడిగినంతా ఇచ్చేవాణ్ణి.