దొరసానికి గోపురం అంచు దర్వాజ

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడి సంగతి మీరు వినే ఉంటారు. పిల్లి మీద ప్రేమతో సొంత ఇంటికి కన్నం వేసుకున్నవాణ్ణి మాత్రం చూసి ఉండరు. చూడాలని ఉంటే నారాయణపేటకు వచ్చి మా ఇల్లు అడగండి. మగ్గం అర్ర, అంటే మగ్గం గది, తలుపు అడుగున ఆ కన్నం ఇప్పటికీ ఉంది, దాని పక్కనే నేతకు దారం కండెలు చుట్టుకుంటూ నేనూ ఉంటాను. ఆ కన్నం వల్ల ఒక పెళ్లిచీర, ఒక మగ్గం, నా పరువు ఏ గతి పట్టాయో చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి, మా ఆవిడ ఇన్నేళ్లుగా నవ్వుతూనే ఉంది.

నిజాం ఇంకా గద్దె మీద ఉన్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు, పెళ్లయి ఏడాది. ఆ వయసు మగవాడికి తనకు తెలియనిది లోకంలో లేదని గట్టి నమ్మకం ఉంటుంది. నాకైతే అవతలివాళ్లకు ఏమీ తెలియదని కూడా నమ్మకం.

మా ఇంట్లో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. దాని పేరు దొరసాని. పెట్టింది మా అవ్వ, అంటే మా బాపును, మా నాన్నను, కన్నతల్లి. ఎవరైనా లేచివెళ్లి తలుపు తీస్తే తప్ప ఆ పిల్లి గడప దాటదు. తీశాక కూడా వెంటనే దాటదు. గడప మీద నిలబడి, అటు చూసి, ఇటు చూసి, పోవాలా వద్దా అని ఆలోచించి, ఒక్కోసారి వెనక్కి వెళ్లి పడుకుంటుంది. అయినా ఆ పిల్లి పనితనానికి దండం పెట్టాలి. నేసే ముందు పడుగు దారాలకు గంజి పట్టించాలి, అందులో కాస్త నూనె కలపాలి, లేకపోతే దారం తెగుతుంది. ఆ గంజి వాసనకు ఊళ్లో ఎలుకలన్నీ బంతికి కూర్చోవడానికి వస్తాయి. ఒక్క ఎలుక ఒక్కసారి దూరిందంటే నెల రోజుల కష్టం పీచుపీచు. దొరసాని ఉన్నన్నాళ్లూ మా పడుగు మీద ఎలుక పన్ను పడలేదు.

చిక్కు ఎక్కడంటే, మగ్గం అర్ర తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి. మా వైపు పొడిగాలి తగిలితే పోగులు ఎండిపోయి పుటుక్కుమంటాయి. మాది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేయాలి. దొరసాని తలుపు గీకినప్పుడల్లా ఆ గుంటలోంచి పైకి లేవాలి, తలుపు తీయాలి, ఆమెగారు ఆలోచించుకునే దాకా నిలబడాలి, మళ్లీ గుంటలో దిగాలి. పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా ఇదే వరస. నేత పని కన్నా ద్వారపాలకుడి పనే ఎక్కువైందని నేను సాయమ్మ దగ్గర మొత్తుకునేవాణ్ణి. సాయమ్మ అంటే మా ఆవిడ. తనూ ఆ అర్రలోనే కండెలు చుట్టేది, తలుపు తీసేవాళ్లలో సగం వంతు తనదే, కానీ ఏనాడూ నోరెత్తలేదు.

ఆ ఏడు బాపుతో పాటు చీరల మూట మోసుకుని పట్నం పోయాను. అక్కడ ఒక దొరగారి బంగళా వెనక వాకిట్లో కూర్చోబెట్టారు. కూర్చున్నవాణ్ణి ఊరికే కూర్చోవచ్చుగా. వంటింటి తలుపు అడుగున చిన్న తలుపు ఒకటి వేలాడుతోంది. ఒక తెల్లపిల్లి వచ్చి తలతో దాన్ని నెట్టి లోపలికి పోయింది. పోగానే ఆ తలుపు దానంతటదే మూసుకుంది. ఇంకేముంది, నాకు మోక్షమార్గం కనబడింది. బాపు చీరలు చూపించి, మాట్లాడి, బయటికి వచ్చే దాకా నేను ఆ పిల్లినే చూస్తూ కూర్చున్నాను.

మరో రెండు నెలలకు బాపు ఒక్కడే పట్నం బయలుదేరాడు. పోతూ పోతూ మగ్గం మీది పడుగు నాకు అప్పజెప్పాడు. కొత్తకోట పెళ్లికూతురి చీర అది, రెండు వైపులా గోపురం అంచు. అంత పెద్ద పని నా చేతికి రావడం అదే మొదలు.

"పది రోజులల్ల వస్త. గీ చీర సక్కగ దిగితే రెండో మగ్గం నీ పేరు మీద పెడ్త. లేకుంటె ఇంకో ఏడాది కండెలు చుట్టుకుంట కూసో," అన్నాడు బాపు.

బుద్ధి ఉన్నవాడైతే ఆ క్షణమే గుంటలో దిగి నేత మొదలుపెట్టేవాడు. నేను మా ఊరి వడ్రంగి, వడ్ల బ్రహ్మయ్యను పిలుచుకొచ్చాను.

పిల్లికి దర్వాజ చేయాలంటే బ్రహ్మయ్య మొదట నమ్మలేదు. నమ్మాక, ఎంత పెద్దది కోయాలి అని అడిగాడు. సాయమ్మ కండె చుట్టడం ఆపకుండానే చెప్పింది, "మీసాలు పడ్తె ఒళ్లు పడ్తది. జానెడు కోస్తె సాలు." ఆడవాళ్ల ఉజ్జాయింపు లెక్కలు నాకు పనికిరావని, దారం తెచ్చి పిల్లిని కొలవడానికి పూనుకున్నాను. కొలత పూర్తయ్యేసరికి నా రెండు చేతులూ, ఒక చెవీ, అంగీ చీలికలయ్యాయి. కొలిచి చూస్తే సరిగ్గా జానెడు వచ్చింది. సాయమ్మ ఇంకో కండె అందుకుంది. ఆ కండె తిరిగే చప్పుడు ఏ దెప్పుడు మాట కన్నా ఎక్కువ మండించింది.

బ్రహ్మయ్య తలుపు అడుగున చక్కగా నాలుగు మూలలూ కలిసేలా కోశాడు. ఇక ఆ కన్నానికి రెక్క ఏది కట్టాలన్నది ప్రశ్న. ముందు చెక్క పలక కట్టాం. దొరసాని దాన్ని ఒకసారి ముట్టుకుంది, అది ఊగి వచ్చి ముక్కుకు తగిలింది, ఆ పూటంతా పిల్లి ఇంటి కప్పు దిగలేదు. తర్వాత కిరసనాయిలు డబ్బా రేకు కట్టాం. దాని చప్పుడుకు పిల్లి సంగతేమో గానీ మా అవ్వ ఉలిక్కిపడి పప్పు ఒలకబోసుకుంది. తోలు ముక్క వేద్దామన్నాడు బ్రహ్మయ్య. అప్పుడు నాలోని నేతగాడు మేల్కొన్నాడు. బట్ట నేసే సాలోళ్ల ఇంట్లో పిల్లికి తోలు దర్వాజ ఏమిటి, గుడ్డ దర్వాజ ఉండాలి గానీ?

రెండు రోజులు పెళ్లిచీర పక్కన పెట్టి, మూలన పడి ఉన్న, పట్టీలు నేసే చిన్న పాత మగ్గం మీద జానెడు గుడ్డ నేశాను. ఊరికే నేయలేదు, దానికీ గోపురం అంచు పెట్టాను. నాలుగు మడతలు వేసి, చెక్కలా నిలబడాలని పడుగుకు పట్టించే దానికి రెట్టింపు చిక్కని గంజి పట్టించాను. ఎండబెట్టి కడితే చూడముచ్చటగా ఉంది. వాడకట్టులో నలుగురు వచ్చి చూసి, పెళ్లిచీర ఇదేనా అని అడిగారు. అవ్వ మాత్రం వేలితో దాన్ని తట్టి, "గంజి మస్తు వట్టించినవ్ బిడ్డా. ఎవలికి వడ్డించనీకి?" అంది. ముసలిదానికి కొత్త సంగతులు తెలియవని నేను నవ్వి ఊరుకున్నాను.

దొరసాని వచ్చింది. దర్వాజ ముందు కూర్చుంది. అంచు చూసింది, ఒళ్లు విరుచుకుని అక్కడే పడుకుంది. ఎంత పిలిచినా లోపలికి రాలేదు. చేసి చూపిస్తే నేర్చుకుంటుందని నేనే వాకిట్లో బోర్లా పడుకుని, ఆ కన్నంలో తల పెట్టాను. తల లోపలికి పోయింది. వెనక్కి మాత్రం చెవులు రానివ్వలేదు. మీసాలు పడితే ఒళ్లు పడుతుందన్న సూత్రం మనుషులకు వర్తించదని ఆ రోజు తెలిసింది.

నా తల అర్రలో, ఒళ్లు వాకిట్లో. లోపల కండెలు చుడుతున్న సాయమ్మ నా మొహం చూసి, ఇన్నాళ్లకు మొదటిసారి చెయ్యి ఆపింది. "దొరసాని జూస్తుందా?" అని అడిగాను. తలుపు సందులోంచి తొంగి చూసి, "నీ నడుం మీద కూసున్నది," అని జవాబిచ్చింది. చివరికి అవ్వ ఆముదం తెచ్చి, ఆ సందులోంచే అందించి, సాయమ్మ చేత నా చెవులకు రాయించి, ముల్లంగిని పెరికినట్టు వెనక్కి లాగింది. ఆముదం నాకు కొంత, గంజి గుడ్డకు చాలా అంటింది. ఆ సంగతి గుర్తుంచుకోండి.

మర్నాడు పొద్దున చూస్తే గోపురం దర్వాజకు ఒక మూల కొరికి ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. దొరసాని దారి నేర్చుకుంటోందని ఇల్లంతా చాటాను. సాయమ్మ వంగి చూసి, "గివి ఎలుక పండ్లు. గంజిగుడ్డ తినేటందుకు దొరసానికేం కర్మ?" అంది. నేను వినలేదు. రెండో రోజు పొద్దున సగం గుడ్డ లేదు. పిల్లి జోరు పెంచిందనుకున్నాను. ఆ సాయంత్రం దొరసాని దర్వాజకు రెండడుగుల దూరంలో, కాళ్లు కిందికి ముడుచుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది. పోనీలే, శ్రద్ధ కుదిరింది అనుకున్నాను.

మూడో రోజు పొద్దున అర్ర తలుపు తీశాను. దర్వాజ లేదు. గంజికి ఆముదం తోడైన ఆ గుడ్డను ఎలుకలు విందులా తినేశాయి, పై అంచున నాలుగు వేళ్ల పీలిక మాత్రం వేలాడుతోంది. పెళ్లిచీర పడుగులో ఒక పక్క, నా అరచెయ్యి వెడల్పున, పోగులు తెగి వేలాడుతున్నాయి. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా ఇంట్లో చెలగాటం ఎలుకకు, ప్రాణసంకటం నాకు.

అప్పుడు గుంటలోకి చూశాను. ఏడు ఎలుకలు వరసగా పడి ఉన్నాయి. వాటి పక్కన దొరసాని తీరిగ్గా పంజా నాకుకుంటోంది. దాని పని అయిపోయింది. లేచి, ఒళ్లు విరుచుకుని, రెక్క లేని ఆ కన్నంలోంచి హాయిగా బయటికి నడిచిపోయింది. దర్వాజ పెట్టాక అది దాన్ని దాటడం నేను చూడటం అదే మొదటిసారి.

బాపు రావడానికి ఇంకా అయిదు రోజులు. నేను తల పట్టుకుని కూర్చున్నాను. సాయమ్మ కండె పక్కన పెట్టి, పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చుకుని పడుగు దగ్గర కూర్చుంది. తెగిన కొస పట్టుకోవడం, దానికి కొత్త పోగు చేర్చడం, వేళ్లకు బూడిద అద్ది ఒక్క మెలి తిప్పడం. ముడి కనబడదు, బుడిపె ఉండదు. అవ్వ తెగిన కొసలు వెతికి అందిస్తుంటే, సాయమ్మ రెండు రోజుల్లో రెండు వందలకు పైగా పోగులు అతికింది. ఒక్క మాట దెప్పలేదు. నేను ఆ వేళ్లు చూస్తూ కూర్చున్నాను. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటూ, ఆ చేతుల్లో ఇంత విద్య ఉందని నాకు తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది. మిగిలిన మూడు రోజులూ నోరు మూసుకుని నేశాను.

పదో రోజు బాపు వచ్చాడు. కాళ్లు కడుక్కుని నేరుగా మగ్గం దగ్గరికి వెళ్లాడు. చీర మీద అరచెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొసకు నిమిరాడు, వెలుతురుకు ఎత్తి చూశాడు. "మంచిగున్నది," అన్నాడు. రెండో మగ్గం నాదే అనుకున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన కళ్లు తలుపు అడుక్కి పోయాయి.

"గిదేందిరా?"

"ఎలుకలు కొరికినయ్ బాపు."

బాపు గొంతుక్కూర్చుని కన్నాన్ని వేలితో తడిమాడు. "మన ఊరి ఎలుకలు నాలుగు మూలలు కొలిచి రంపంతోని కోస్తున్నయా?" అన్నాడు. వేలాడుతున్న పీలికను లాగి చూశాడు. "గోపురం అంచు గూడ నేస్తున్నయ్."

ఇక దాచలేక దొరగారి బంగళా నుంచి చెవుల ఆముదం దాకా అన్నీ చెప్పేశాను. బాపు మళ్లీ చీర దగ్గరికి వెళ్లి, ఈసారి కళ్లు దగ్గర పెట్టి వెతికాడు. అతుకు ఒక్కటీ దొరకలేదు. ఎవరు అతికారని అడిగితే అవ్వ సాయమ్మ వైపు చూపించింది. తర్వాత అవ్వే బయట ఎండలో పడుకున్న దొరసాని వైపు తిరిగింది.

"అగో, గా పిల్లి తెలివి జూడు. మూడు దినాలు దొరల లెక్క ఎలుకలతోని వెట్టి చేయించుకున్నది. తొవ్వ సాఫయినంక వెట్టి చేసినోళ్లనే తిన్నది. నేను దానికి ఉత్తగ పెట్టిన్నా ఆ పేరు?"

ఇంట్లో ఏనాడూ పళ్లు కనబడనివ్వని బాపు గోడకు ఆనుకుని నవ్వాడు. నవ్వాక కళ్లు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"రెండో మగ్గం పెడ్త. గని కోడలి పేరు మీద. నువ్వు దానికి కండెలు చుట్టు."

అట్లా మా ఇంట్లో ఆడది గుంట మగ్గంలో దిగింది. నిజం చెప్పాలంటే, సాయమ్మ నేసిన చీర ముందు నా చీర ఏనాడూ నిలవలేదు. ఆ కన్నాన్ని కూడా ఆమే బాగుచేసింది. నేత అయ్యాక మిగిలే పోగుల కొసలను కడిగి, గంజి చుక్క లేకుండా చేసి, కుచ్చులా కట్టి వేలాడదీసింది. గాలి ఆగింది, ఎలుకకు అందులో తిండి లేదు, పిల్లికి దారి ఉంది. దానికి ఆమెకు పట్టిన సమయం నేను పిల్లిని కొలిచినంత కూడా కాదు.

ఆ రోజే అవ్వ ముందు, బాపు ముందు, మగ్గం మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో పిల్లికి దారి చూపించను, తినే వస్తువుతో తలుపు చేయను, నా తల పట్టని చోట పెట్టను, సాయమ్మ జానెడు అంటే దారం తీయను. ఆ మాట పూర్తయిందో లేదో, బయట దొరసాని తలుపు గీకింది. దాని ముక్కు ముందే దాని దర్వాజ ఉంది. ఎవరూ లేనప్పుడు అందులోంచే తిరుగుతుంది, మనుషులుంటే మాత్రం తలుపే గీకుతుంది. మగ్గంలోంచి సాయమ్మ నా వైపు చూసింది. నేను కండె కింద పెట్టి, లేచి, తలుపు తీసి, ఆమెగారు ఆలోచించుకునే దాకా నిలబడ్డాను.